ముందు రాసి తర్వాత చూసిన ఢిల్లీ

పోయిన వారం ఆఫీసు పనిమీద దక్షిణ ఢిల్లీలోని సాకేత్ వెళ్లి, మధ్యాహ్నం రెండింటి ఎండలో మార్కెట్ వెనక సందులోంచి నడిచి వస్తుంటే, ఒక దుకాణం ముందు ఎవరో కూలర్‌కి కొత్త గడ్డి బిగించి మొదటిసారి నీళ్లు పోస్తున్నారు. తడిసిన చెక్కపొట్టు వాసన, దాని అడుగున కొంచెం మట్టి, కొంచెం తుప్పు కలిసి గుప్పుమంది. నాతో ఉన్న ఆఫీసు పిల్లలు ముక్కులు మూసుకుని ముందుకు పరిగెత్తారు. నేను మాత్రం ఎండని కూడా లెక్కచెయ్యకుండా అక్కడే నిలబడ్డాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు తొమ్మిదేళ్లు వచ్చేస్తాయి. ఒళ్లో ఒక నోట్‌బుక్కు, నోట్లో "గో, వెంట్, గాన్", కడుపులో ఇంత భయం.

మా నాన్న పనిచేసే కంపెనీ ఆయన్ని విజయవాడ నుంచి బదిలీ చేసినప్పుడు మేము ఇందిరాపురంలో దిగాం. ఆఫీసు ఢిల్లీకి ఆ చివర గుర్గావ్‌లో (అప్పటికి దాని పేరు గుర్గావే), ఇల్లు ఈ చివర. నాన్న స్నేహితుడెవరో అద్దె తక్కువని అక్కడ మూడో అంతస్తులో ఇల్లు చూసిపెట్టాడు. పొద్దున్న ఏడింటికి ఆఫీసు క్యాబ్ వచ్చి నాన్నని ఎక్కించుకుపోయేది, తిరిగి దింపేసరికి తొమ్మిది దాటేది. జూలై నెల, వాన పడితే బురద, పడకపోతే ఉక్క. మా బాల్కనీలోంచి చూస్తే సగం కట్టిన భవనాలు, వాటి మధ్య ఖాళీ పొలాల్లో గేదెలు, ఆ గేదెల మీద తీరుబడిగా కూర్చున్న కొంగలు కనిపించేవి. సాయంత్రం కరెంటు పోగానే అపార్టుమెంటు పిల్లలంతా ఒక్కసారిగా "హో" అని అరిచేవారు. ఆ అరుపు ఒక్కటే నాకు మొదటి నెలలో పూర్తిగా అర్థమైన హిందీ.

నేను విజయవాడలో తెలుగు మీడియంలో మూడో తరగతి పూర్తిచేసి వచ్చాను. ఇక్కడి స్కూల్లో నన్ను చేర్చుకునే ముందు, వేసవి సెలవుల్లో ఏం చేశావని ఇంగ్లీషులో అడిగారు. నేను చాలా ధైర్యంగా, "ఐ గో అమ్మమ్మ హౌస్, ఐ ఈట్ మేంగో, ఐ కమ్ ఢిల్లీ" అన్నాను. నా మటుకు నాకు అది గొప్ప ఉపన్యాసం. విన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఒక షరతు పెట్టారు: ప్రస్తుతానికి నాలుగో తరగతిలో కూర్చోవచ్చు, కానీ సెప్టెంబరు చివర జరిగే అర్ధ సంవత్సర పరీక్షలో ఇంగ్లీషు రాకపోతే మూడో తరగతిలోకి దింపేస్తారు.

మూడో తరగతిలో ఎవరున్నారంటే మా చెల్లి లల్లి. నాకంటే ఏడాదిన్నర చిన్నది. రెండో తరగతి చదివొచ్చిన పిల్లకి ఎవరూ షరతులు పెట్టలేదు, నవ్వుకుంటూ వెళ్లి కూర్చుంది. దాన్నైనా తిట్టుకుందామంటే దానికి నామీద ఉన్నదంతా ప్రేమే. మొదటి వారంలోనే ఇంటికొచ్చి, "అక్కా, నువ్వు మా క్లాసులోకి వచ్చేస్తావంట కదా, నీకు కిటికీ పక్కన చోటు ఉంచానే" అంది. రోజూ ఆ చోటు తన బ్యాగుతో కాపాడేదట. ఎవరైనా కూర్చోబోతే "మేరీ దీదీ ఆయేగీ", మా అక్క వస్తుంది, అని తోసేసేదట. చెల్లెలి పక్కన కూర్చుని, చెల్లెలి పుస్తకాలే చదువుకుంటూ, ఇద్దరం కలిసి నాలుగో తరగతికి వెళ్లడమనే ఊహకే నాకు తల కొట్టేసినట్టుండేది.

మా ఇంగ్లీషు మేడమ్ మంచి ఆవిడ. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ నూలు చీరలో ఉండేవారు, చేతినిండా సుద్దపొడి. నాకోసం ఒక పద్ధతి పెట్టారు. నోట్‌బుక్కులో ప్రతి పేజీనీ స్కేలుతో మూడు గదులుగా విడగొట్టాలి. మొదటి గదిలో నిన్న ఏం చేశానో, రెండో గదిలో ఇవాళ ఏం చేస్తున్నానో, మూడో గదిలో రేపు ఏం చేస్తానో రాయాలి. ఒక్కో గదికి రెండు మూడు వాక్యాలు. కింద ఇంట్లోవాళ్ల సంతకం. మర్నాడు మేడమ్ ఎర్ర ఇంకుతో దిద్ది, బాగుంటే ఒక నక్షత్రం వేసేవారు.

దీనికి తోడు క్రియల పట్టిక ఒకటి. దాన్ని నాన్న ఒక ఆదివారం పెద్ద కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించాడు. మాకు బట్టీ పట్టడం ఎక్కాల దగ్గర నుంచీ అలవాటే కాబట్టి నేను దాన్నీ ఎక్కాల రాగంలోనే ఎత్తుకున్నాను. "గో వెంట్ గాన్, కమ్ కేమ్ కమ్, ఈట్ ఏట్ ఈటెన్." అమ్మ దోసెల పిండి రుబ్బుతుంటే గ్రైండర్ చప్పుడు మీద నా గొంతు లేవాలి కాబట్టి ఇంకా గట్టిగా అరిచేదాన్ని. "కట్ కట్ కట్, పుట్ పుట్ పుట్" దగ్గరికొచ్చేసరికి ప్రాణం లేచొచ్చేది. నిన్నైనా రేపైనా బుద్ధి మార్చుకోని ఇలాంటి మంచివాళ్లు ఇంకో పదిమంది ఉంటే లోకం ఎంత బాగుండేదో అనుకునేదాన్ని.

నోట్‌బుక్కులో మొదటి వారం అంతా నిజాలే రాశాను. నిన్న పప్పన్నం తిన్నాను, ఇవాళ స్కూలుకి వస్తున్నాను, రేపు పప్పన్నం తింటాను. మేడమ్ రైటు కొట్టారు కానీ నక్షత్రం వెయ్యలేదు. అంతలో ఒక శనివారం నాన్న, "రేపు ఇండియా గేట్‌కి వెళ్దాం, అక్కడ పడవ కూడా ఎక్కుదాం" అన్నాడు. నేను ఎగిరి గంతేసి మూడో గదిలో అదే రాసేశాను. తెల్లారేసరికి ఆఫీసులో ఏదో ఆగిపోయిందని ఫోనొచ్చి నాన్న అటే వెళ్లిపోయాడు.

ఆదివారం సాయంత్రం, సోమవారం చూపించాల్సిన పేజీ ముందు పెట్టుకుని కూలర్ దగ్గర కూర్చున్నాను. నిన్నటి పేజీలో "రేపు ఇండియా గేట్" అని ఉంది. వెళ్లలేదు అని ఎలా రాయాలో మాకింకా చెప్పలేదు. ఇది సాకని నాకూ తెలుసు. కావాలంటే మళ్లీ పప్పన్నం గురించి రాయొచ్చు. అసలు సంగతేమిటంటే, మా ఇంట్లో ఆడిన మాట తప్పడం పెద్ద తప్పు. అమ్మ అయితే రేపు చేస్తాననే మాట అంత తేలిగ్గా అనేదే కాదు, "చూద్దాం" అనేది. నాన్న మాట తప్పాడని మేడమ్‌కి, ఆ ఎర్ర ఇంకుకి, నా చేత్తో నేను చెప్పలేకపోయాను. అందుకని రాశాను: "యెస్టర్‌డే వియ్ వెంట్ టు ఇండియా గేట్. వియ్ సాట్ ఇన్ ఎ బోట్. వియ్ ఏట్ ఐస్‌క్రీమ్." మర్నాడు నక్షత్రం వచ్చింది. నా జీవితంలో మొదటి నక్షత్రం.

ఒక అబద్ధానికి రుచి మరిగితే ఇక ఆగుతామా! ప్రతి శనివారం మూడో గదిలో ఒక ప్రయాణం, ప్రతి సోమవారం మొదటి గదిలో దాని వర్ణన. జూకి వెళ్లాం, తెల్లపులి నావైపు చూసింది. కుతుబ్ మినార్ కింద నిలబడి మెడ నొప్పెట్టేలా పైకి చూశాం. రైల్ మ్యూజియంలో బుల్లి రైలెక్కాం, నాన్న మోకాళ్లు పట్టక ముడుచుకుని కూర్చున్నాడు. ఇవన్నీ తరగతిలో పిల్లలు చెప్పుకుంటుంటే విన్నవే. మామూలు రోజులకి అంత పెద్ద అబద్ధాలు పనికిరావు కాబట్టి వాటికి చిన్నవి: "పాపా కేమ్ హోమ్ ఎట్ సిక్స్ ఓ క్లాక్. వియ్ ప్లేడ్ క్యారమ్స్." మా ఇంట్లో క్యారమ్ బోర్డు లేదు. ఆరింటికి వచ్చే నాన్న కూడా లేడు. కానీ ఆ వాక్యం రాస్తుంటే ఎంత బాగుండేదంటే దాన్ని నాలుగైదుసార్లు రాసుకున్నాను.

ఇవన్నిటికీ కింద సంతకం అమ్మదే. నాన్న వచ్చేసరికి మేము నిద్రపోయేవాళ్లం కాబట్టి అమ్మే, తెలుగులో, గుండ్రంగా, తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న సంతకం పెట్టేది. అమ్మ చదువు అక్కడితో ఆగింది. ఇంగ్లీషు రాదని తనే అందరికీ చెప్పేది. కింద కూరగాయల బండి భయ్యాతో కూడా వేళ్లు చూపించే బేరమాడేది. తనకి రాని భాషలో నేనేం రాసినా పట్టుబడనని నా ధీమా.

ఆగస్టు మధ్యలో తల్లిదండ్రుల్ని స్కూలుకి పిలిచారు. ఆగస్టు పదిహేనుకని ఆ ఊళ్లో ఆకాశం నిండా గాలిపటాలు ఎగిరే రోజులవి, దారిలో కరెంటు తీగలన్నిటికీ రంగురంగుల తోకలు వేలాడుతున్నాయి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెలవు పెట్టి మరీ వచ్చాడు. ఒక చేతికి నేను, ఒక చేతికి లల్లి. మేడమ్ నాన్నని చూడగానే మొహమంతా నవ్వు చేసుకుని, "ఆప్ తో బచ్చోం కో బహుత్ ఘుమాతే హైఁ!" అన్నారు, పిల్లల్ని భలే తిప్పుతారండీ అని. ఆ తర్వాత నా నోట్‌బుక్కు తెరిచి ఒక్కొక్క పేజీ తిప్పుతూ చూపించారు. ఇండియా గేట్, పడవ, తెల్లపులి, కుతుబ్ మినార్, బుల్లి రైలు. "పైగా గుర్గావ్ నుంచి ఆరింటికే ఇంటికొచ్చేస్తారట! ఏ కంపెనీ అండీ మీది?" అని హిందీలోనే ఆశ్చర్యపోయారు.

నేను తేలు కుట్టిన దొంగలా నా బూట్లకేసి చూస్తూ నిలబడ్డాను. నాన్న పేజీల్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పేజీల్ని చూశాడు. చివరికి మెల్లిగా, "కోషిశ్ కర్తా హూఁ, మేడమ్" అన్నాడు. ప్రయత్నిస్తుంటానండీ అని. రాతలో ఫరవాలేదని, పరీక్షలో మాత్రం నోటితో అడుగుతానని, అప్పటికప్పుడు సొంతంగా చెప్పగలిగితేనే నాలుగో తరగతని మేడమ్ చెప్పి పంపించారు.

రిక్షా ఎక్కాం. దారిలో నాన్న కాల్చిన మొక్కజొన్న కండెలు కొన్నాడు, బండివాడు నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది ఇచ్చాడు. లల్లి రెండు గింజలు నమిలి, ఉన్నట్టుండి పెదవి విరిచి బావురుమంది. "నాన్నా, నన్ను ఇంట్లో వదిలేసి మీరంతా జూకి వెళ్లారా? రైలు కూడా ఎక్కారా? నాకు చెప్పనే లేదు!" నాన్న దాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఇంటికెళ్లాక నాన్న కూలర్ ముందు కింద కూర్చుని నోట్‌బుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు. చదవడం అయ్యాక అమ్మని పిలిచి, "ఇదంతా ఏంటో నీకు తెలుసా? సంతకం పెట్టావు కదా" అన్నాడు. అమ్మకి ఎక్కడ తిట్లు పడతాయోనని నేను, "అమ్మకి ఇంగ్లీషు రాదు నాన్నా, నేనే..." అని అడ్డం పడబోయాను.

"ఎందుకు రాదే? తెలుసండీ," అంది అమ్మ, చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ. లోపలికెళ్లి బియ్యం డబ్బా వెనకనుంచి ఒక పాత డైరీ తీసుకొచ్చింది. అందులో నా వాక్యాలన్నీ ఉన్నాయి. మేము సాయంత్రాలు ఆటలకి పోయినప్పుడు ఆ కూలర్ ముందే కూర్చుని, తలుపు మీది పట్టిక చూసి కూడబలుక్కుంటూ, ఇండియా గేటూ పడవా ఐస్‌క్రీమూ అన్నీ గుండ్రటి అక్షరాల్లో కాపీ చేసుకుంది.

"తెలిసీ ఎందుకు పెట్టావు మరి సంతకం?" అన్నాడు నాన్న.

అమ్మ డైరీ మూసింది. "చదువుకోడానికి బాగున్నాయండీ. ఈ ఊరొచ్చాక నేను మాత్రం ఎక్కడికెళ్లాను? ఇందులో అయితే వారం వారం వెళ్తున్నాం" అంది. చెప్పి, సిగ్గుపడి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మాట నాన్నకి ఎక్కడ తగిలిందో గానీ, ఆ రోజు నాకు ఒక్క దెబ్బ పడలేదు. "ఇకనుంచి జరిగిందే రాయి. రేపటి సంగతి రాసేముందు నన్నడుగు. ఇప్పటిదాకా రాసినవాటి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఆ వారమే ఆఫీసులో చెప్పేసి ఆదివారాలు తనవి చేసుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మేము నా నోట్‌బుక్కు చేతపట్టుకుని ఢిల్లీ తిరిగాం. అమ్మ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి స్టీలు క్యారేజీలో సర్దేది. వినాయకచవితి దాటిన వారమైతే మిగిలిన ఉండ్రాళ్లు కూడా. నాన్నకి పట్టింపు ఎక్కువ, వాక్యంలో ఏముంటే అది జరగాల్సిందే. ఇండియా గేట్ దగ్గర పడవ ఎక్కాం, ఐస్‌క్రీమ్ తిన్నాం. లల్లిది సగం నీళ్లలో పడింది, అది రాతలో లేదు. జూలో తెల్లపులి మాకు వీపు పెట్టి నిద్రపోతోంది. పదిమందీ చూసి వెళ్లిపోతున్నా నాన్న కదలడే! "చూస్తుందిలే, రాశావుగా" అని అరగంట సేపు కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి అది ఒళ్లు విరుచుకుంటూ ఒక్కసారి తల తిప్పింది. నావైపు చూసిందని నాన్న, కాదు తనవైపని లల్లి. రైల్ మ్యూజియంలో నాన్న మోకాళ్లు నిజంగానే పట్టలేదు. అప్పుడు అమ్మ నవ్విన నవ్వు ఆ ఊళ్లో దిగాక నేను చూసిన మొదటి పెద్ద నవ్వు. అన్నీ అయ్యాయి. ఆరింటికి రావడం, క్యారమ్స్ ఆడడం మాత్రం మిగిలిపోయాయి. అవి ఆదివారంతో తీరేవి కావు. నాన్న వాటి మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

సెప్టెంబరు చివర, కింది వీధిలో రామలీలకి పందిరి వేస్తున్న రోజుల్లో, నా పరీక్ష వచ్చింది. మేడమ్ ఒక్కొక్కరినే బల్ల దగ్గరికి పిలుస్తున్నారు. నన్ను పిలిచి, నిన్న ఏం చేశావో చెప్పమన్నారు. ఆరింటికి నాన్న, క్యారమ్స్ — నాకు కంఠతా వచ్చిన వాక్యం, తప్పు పోయే ప్రసక్తే లేదు, చెబితే నాలుగో తరగతి నాదే. అది నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తెల్లపులి ముందు అరగంట నిలబడిన మనిషి కళ్లముందు మెదిలి దాన్ని మింగేశాను. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, జరిగింది చెప్పాను: నిన్న కరెంటు పోయింది. మేము మెట్లమీద కూర్చున్నాం. అమ్మ నన్ను క్రియలు అడిగింది. నేను అమ్మని అడిగాను. నాకు మూడు తప్పులు పోయాయి, అమ్మకి రెండే. నాన్న తొమ్మిదింటికి వచ్చాడు.

చెప్పిన వాటిలో ఒకటో రెండో తప్పులున్నాయని మేడమ్ మొహంలోనే తెలిసింది. ఆవిడ కలం పక్కన పెట్టి, "మమ్మీకి రెండేనా?" అని గట్టిగా నవ్వారు.

వారం తిరక్కుండా చీటీ ఇచ్చారు, నాలుగో తరగతిలోనే ఉండొచ్చని. నేను పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మకి చూపిస్తే అమ్మ దాన్ని మూడుసార్లు చదివింది, గట్టిగా, ఇంగ్లీషులో, ఇక దాపరికం ఎందుకన్నట్టు. నాన్నకి ఫోన్ చేసి చెప్పింది. లల్లి మాత్రం మంచం కింద దూరి ఏడ్చింది, కిటికీ పక్క చోటు ఇన్నాళ్లు వృథాగా కాపాడానని. దానికి బెల్లం ముక్క పెట్టి బయటికి లాక్కొచ్చాను.

చీకటి పడడానికి ఇంకా కొంచెం ముందు తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో ముందు ఒక పెద్ద క్యారమ్ బోర్డు కనిపించింది, దాని వెనక నాన్న. క్యాబ్ రాత్రి దాకా బయల్దేరదు కాబట్టి నాలుగు గంటలు ముందు అనుమతి తీసుకుని, ఆ బోర్డుతో మూడు బస్సులు మారి వచ్చాడట. ఒక కండక్టరు బోర్డుకి కూడా టికెట్టు కొట్టాడట. చొక్కా అంతా తడిసి ముద్దయింది. నాన్న నాతో ఏమీ అనకుండా ముందు గోడ గడియారం చూశాడు. ఆరు కావడానికి మూడు నిమిషాలున్నాయి. "హమ్మయ్య" అని అక్కడే చతికిలబడ్డాడు. బోర్డు మీద చల్లే పౌడరు లేదని అమ్మ బియ్యప్పిండి చల్లింది. తర్వాత వారం రోజులు ఇల్లంతా చీమలు. ఆ సాయంత్రం నలుగురం కరెంటు పోయేదాకా ఆడాం, పోయాక కొవ్వొత్తి పెట్టుకుని ఆడాం. అంత సంతోషపడ్డట్టు నాకు మళ్లీ చాలా ఏళ్లదాకా గుర్తులేదు.

ఇప్పుడు ఇందిరాపురంలో గేదెలూ లేవు, వాటిమీద కొంగలూ లేవు, బాల్కనీలో నిలబడితే ఎదుటివాళ్ల బాల్కనీయే కనిపిస్తుంది. కరెంటు పోయినా జనరేటరు వెంటనే అందుకుంటుంది కాబట్టి పిల్లలు "హో" అని అరవడం మానేశారు. అమ్మ ఇంగ్లీషు ఇప్పుడు నాకంటే ధాటిగా ఉంటుంది, అపార్టుమెంటు మీటింగుల్లో అందరూ ఆవిడకి జడుస్తారు. నా మూడు గదుల నోట్‌బుక్కు ఇల్లు మారినప్పుడు పాతపేపర్ల కట్టలో పోయింది. అది పోయినందుకు పెద్దగా బాధలేదు కానీ, ఒక్క పేజీ ఉంటే బాగుండుననిపిస్తుంది. క్యారమ్స్ ఆడిన మర్నాడు నేను మొదటి గదిలో అదే పాత వాక్యం, అక్షరం మార్చకుండా రాశాను: నాన్న ఆరింటికి ఇంటికొచ్చాడు, మేము క్యారమ్స్ ఆడాం. మేడమ్ నక్షత్రం వేసి, దాని పక్కన ఎర్ర ఇంకుతో "మళ్లీనా? ఎంత అదృష్టవంతురాలివి!" అని ఇంగ్లీషులో రాశారు. మళ్లీ కాదు మేడమ్, అదే మొదటిసారి అని చెప్పాలని నాలుగో తరగతి అయిపోయేదాకా అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు.